పనింటి మీద సున్నపు మిద్దె

ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డు కూలగొట్టేస్తామని కమిటీవాళ్లు చెప్పిన రోజు నేను కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచాను. నా కోపాన్ని మా ఇంట్లోనే ఎవరూ పట్టించుకోరు, బయటివాళ్లు ఎందుకు పట్టించుకుంటారు? కుర్చీ ఎత్తి నిలబెట్టి, కూర్చోమన్నారు. నిజానికి ఆ కోపం వాళ్ల మీద కాదు. ఆ వార్డు అంత పాడవడానికి కారణం నేను. ఆ సంగతి అప్పటికి ఇద్దరికే తెలుసు, నాకూ మా అమ్మకీ.

బర్మాలో, మా యాంగోన్ ఊరి సంచౌంగ్ పేటలో బజారు దాటి లోపలికి వెళ్తే వస్తుంది ఆ ధర్మాస్పత్రి. తెల్లవాళ్ల కాలంలో అది ఆస్పత్రి కాదు. ఓడ దిగి పని దొరకనివాళ్లనీ, జబ్బుపడి పని పోయినవాళ్లనీ, రోడ్డు పక్కన పడుకున్నవాళ్లనీ తెచ్చి పెట్టే చోటు. రాళ్లు కొడితే గంజి, కొట్టకపోతే అదీ లేదు. మావాళ్లు దాన్ని పనిల్లు అనేవారు. గంజాం నుంచి వచ్చిన మా ముత్తాత కొన్ని నెలలు అక్కడ రాళ్లు కొట్టాడట. చిన్నప్పుడు కంచంలో అన్నం వదిలేస్తే అమ్మ మమ్మల్ని పనింటికి పంపేస్తానని బెదిరించేది. తీరా నేను పుట్టింది ఆ పనింట్లోనే, అప్పటికది ఆస్పత్రి అయిపోయింది. నా పిల్లలిద్దరూ పుట్టిందీ అక్కడే.

నేను తాపీ మేస్త్రిని, మేస్త్రి కొడుకుని. కట్టడం చూస్తే కట్టినవాడి బుద్ధి తెలుస్తుందంటారు. పనిల్లు కట్టినవాడి బుద్ధి నాకు బాగా తెలుసు. బయట ఒకటే గేటు, లోపలికి రెండు తలుపులు. మగవాళ్లు ఎడమకి, ఆడవాళ్లు కుడికి. మొగుడూ పెళ్లాం కలిసి వస్తే గేటు దగ్గరే విడదీసేవారు. రెండు వైపులా పొడుగాటి గదులు, మధ్యలో వంటిల్లు, వంటింటి మీద మూడు వైపులా కిటికీలున్న ఒక గది. సూపర్వైజరు అక్కడ కూర్చుని రెండు దొడ్లనీ చూసేవాడు. పడుకునే గదుల కిటికీలు మనిషి ఎత్తుకి పైన ఉంటాయి. మునివేళ్ల మీద నిలబడినా వీధి కనపడదు, ఆకాశం కనపడుతుంది. వెనక వరసలో రాళ్లు కొట్టే కొట్లు. ఒక్కో కొట్టుకి గోడ అడుగున ఇనప జల్లెడ ఉన్న కన్నం. కొట్టిన కంకర ఆ జల్లెడలోంచి అవతలికి పడాలి. పడనంత పెద్ద ముక్కలుంటే ఆ పూట తిండి లేదు.

ఇంత పాపిష్టి కొంప ఆస్పత్రిగా ఎంత బాగా పనికొచ్చిందో చెబితే మీరు నమ్మరు. ఎత్తు మీదున్న ఆ కిటికీల్లోంచి వేడంతా బయటికి పోతుంది, రోగి ఒంటికి ఈదురుగాలి తగలదు. గోడలు రెండడుగుల మందం. ఇప్పుడు కరెంటు రోజుకి ఎన్ని గంటలుంటుందో ఎవరికీ తెలియని యాంగోన్‌లో, ఫ్యాను లేకుండా మధ్యాహ్నం నిద్రపట్టే చోటు నాకు తెలిసి అదొక్కటే. రాళ్ల కొట్లలో ఒకదాన్ని మందుల గది చేశారు. ఆ కన్నాన్ని పైకి పెంచి కిటికీ పెట్టారు. కంకర పోసిన దారిలోనే ఇప్పుడు మాత్రలు ఇస్తున్నారు. ఆ కట్టినవాణ్ణి తిట్టాలో మెచ్చుకోవాలో నాకు ఇంతవరకూ తేలలేదు.

ఆడవాళ్ల వార్డు పైకప్పు మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద ఇటుకల్ని నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో పేరుస్తారు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి జానెడు మందాన పరుస్తారు. ఆ తరవాత ఆడవాళ్లు వరసగా కూర్చుని, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతూ, చెక్కలతో రోజుల తరబడి కొడతారు. జానెడు మందం బెత్తెడు అయ్యేదాకా కొడతారు. ఈ పని ఆడవాళ్లదే. దూలం ఎత్తేది మగవాడు, ఇటుక పేర్చేది మగవాడు, చెక్క పట్టుకునేది మాత్రం ఆడమనిషి. మా అమ్మ పన్నెండో ఏట చెక్క పట్టుకుంది. ఈ ఊళ్లో ఆమె కొట్టని మిద్దె ఉందంటే అది ఆమె పుట్టకముందు వేసినదై ఉండాలి.

నాకు అదంటే సిగ్గుగా ఉండేది. దాచుకోవడం ఎందుకు? నా స్నేహితుల అమ్మలు పబేడాన్‌లో దుకాణాల్లో కూర్చునేవారు, మా అమ్మ ఎండలో మిద్దెల మీద కూర్చునేది. అందుకే నా చేతికి తొలి కాంట్రాక్టు వచ్చినప్పుడు, అది ఈ వార్డు మరమ్మతే కావడంతో, నా ఘనత చూపించుకుందామనుకున్నాను. మిద్దె మీద అక్కడక్కడా బీటలున్నాయి. మొత్తం మిద్దెకీ, లోపలి గోడలకీ సిమెంటు పూసేశాను. నున్నగా, కొత్తగా, అద్దంలా వచ్చింది. అమ్మని తీసుకెళ్లి చూపించాను. ఆమె గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"సున్నపు గోడ నీరు తాగుతాది, మళ్లీ కక్కుతాది," అంది. "నువ్వు దాని నోరు మూసేసినావు. లోపలే కుళ్లిపోద్ది."

కాలం మారిందమ్మా అన్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఇంట్లో అంత విద్య పెట్టుకుని నేను సిమెంటు బస్తా మీద అచ్చేసిన మాటల్ని నమ్మాను.

గోడకి మూడేళ్లకే చెమట పట్టడం మొదలైంది. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. మిద్దె మీద నా సిమెంటు పొర వెంట్రుకవాసి బీటలిచ్చి, అందులో దిగిన నీళ్లు పైకి పోలేక దూలాల చివర్లకి చేరాయి. నేను ఇంకేవో పెద్ద పనుల్లో పడి అటు వెళ్లడం మానేశాను. మానేశానంటే తప్పించుకున్నాను. మళ్లీ పిలుపు వచ్చేసరికి వార్డులో మంచాల మధ్య బకెట్లున్నాయి.

కమిటీ తరఫున చూసిన ఇంజినీరు చిన్నవాడు, మంచివాడు. అబద్ధం ఏమీ చెప్పలేదు. దూలాల చివర్లు పుచ్చాయి, పైన బరువు ఎక్కువ, వానలకి ముందే పడగొట్టి శ్లాబు వేయాలి అన్నాడు. పడగొట్టడం సరే, వేసేదెవరు? ఇప్పటి రోజుల్లో పడగొట్టింది మళ్లీ లేస్తుందని ఆ గదిలో ఎవరికీ నమ్మకం లేదు. వార్డు పోతే ఆ చుట్టుపక్కల కాన్పులకీ, జ్వరాలకీ, ఒంటరి ముసలమ్మలకీ మరో చోటు లేదు. కమిటీకి పెద్ద ఒక బర్మా డాక్టరమ్మ. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చేది. డాక్టరమ్మనైనా పంతులమ్మనైనా ఇక్కడ సయామా అంటారు, అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. ఆమె బల్ల మీది కూలగొట్టే కాగితం వైపు చూస్తూ కూర్చుంది. అప్పుడే నేను కుర్చీ పడేసింది.

కూర్చున్నాక జరిగింది జరిగినట్టు చెప్పేశాను. సిమెంటు నేనే పూశానని, పాతపద్ధతిలో మళ్లీ నేనే వేస్తానని, ఈ వేసవి ఒక్కటీ ఇవ్వమని అడిగాను. ఇంజినీరు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. పని అయ్యాక నీళ్లు పోయే తూములు మూసి, మిద్దె మీద నాలుగు వేళ్ల లోతు నీళ్లు నిలబెట్టాలి. మూడు రోజులు ఉంచాలి. కింద ఒక్క చుక్క పడినా కూలగొట్టే కాగితం మీద నేనే సంతకం పెట్టాలి. సయామా సరేనంది.

ఇంటికి వెళ్లి అమ్మకి చెప్పాను. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు వంగవు. విని, నోట్లోని ఆకు పక్కకి నెట్టుకుంది.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చానేటి?" అంది.

అంతే. తిట్టలేదు. తిడితే బాగుండునని నేను రెండు రోజులు ఎదురుచూశాను. ఆమె మాత్రం సున్నం ఎక్కడ కాలుస్తున్నారు, బెల్లం ఎగువనుంచి వచ్చే తాటిబెల్లమేనా అని వాకబు చేసుకుంటూ కూర్చుంది.

ముందు నా సిమెంటు నేనే ఉలితో చెక్కాను. ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. పుచ్చిన దూలాల బదులు, ఒక పాత ఇల్లు విప్పేస్తుంటే దొరికిన టేకు దూలాలు ఎక్కించాను. సున్నం గోతిలో నెలకి పైగా మాగింది. దాన్ని మెత్తగా రుబ్బడానికి ఎద్దు గానుగ ఇప్పుడెక్కడ? పబేడాన్‌లో మా పిన్ని దోసెల కొట్టులో మూలపడ్డ గ్రైండరు తెచ్చాం. కరెంటు వచ్చినప్పుడల్లా పరుగెత్తి సున్నం రుబ్బడమే. పిండి రుబ్బిన దాంట్లో సున్నమా అని పిన్ని రాగాలు తీసింది కానీ, గ్రైండరు తిరిగి అడగలేదు. కరక్కాయలు నాటుమందుల కొట్లో బస్తాడు దొరికాయి. బెల్లం నానబెట్టిన పీపాల చుట్టూ తేనెటీగలు చేరి, నర్సులు ఆ దారిన రావడం మానేశారు.

చెక్క పట్టేవాళ్లు కావాలి. కుర్రాళ్లు దొరకని రోజులివి, అయినా మాకు కుర్రాళ్లు అక్కర్లేదు కదా. అమ్మ పడవెక్కి నది అవతలున్న దలాకి వెళ్లి, అక్కడి మనవాళ్లలో పదకొండుమందిని పోగుచేసింది. అందులో నలుగురు ఆమెతో పాటు కొట్టినవాళ్లు, మిగతావాళ్లు వాళ్ల కూతుళ్లూ కోడళ్లూ. చిన్నవాళ్లకి తెలుగు అర్థమవుతుంది కానీ నోటికి బర్మా మాటలే వస్తాయి. రోజూ పొద్దున్నే పడవ దిగి క్యారియర్లతో వచ్చేవారు. మొదటి రోజు అమ్మని మిద్దెక్కించడానికి ఆస్పత్రివాళ్లు రోగుల్ని మోసే కుర్చీ తెచ్చారు. అమ్మ దాన్ని ఎగాదిగా చూసి, నాకేటి రోగమని అడిగి, మెట్టు మెట్టు మీదా కూర్చుంటూ తనంతట తానే ఎక్కింది. పైన గొడుగు కింద ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. అక్కడినుంచి ఆమె చేసిన పనల్లా వినడం. బాగా దిగిన చోట చెక్క దెబ్బ ఖణేల్‌మంటుంది, దిగని చోట మొద్దుగా మోగుతుంది. కళ్లు మూసుకుని, ఎవరి ముందు ఇంకా కొట్టాలో చేత్తో చూపించేది.

ఆరో రోజుకి నాకు అయిపోయిందనిపించింది. గోరు గుచ్చితే దిగడం లేదు. అమ్మ ఇంకా మూడు రోజులు అంది. మూడు రోజులైతే తింజాన్ నీళ్ల పండగ వచ్చేస్తుంది, దలావాళ్లు పండక్కి వెళ్లిపోతారు. పైగా ఆ పొద్దున ఇద్దరు రాలేదు, ఒకామెకి జ్వరం, ఒకామెకి చెయ్యి వాచింది. వరసలో ఇద్దరి చోటు ఖాళీగా ఉంది. వాళ్లని కాస్త అటూ ఇటూ జరిపి కానిచ్చేద్దాం అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. జరిగితే చేతులు అందవు, అందని చోట దెబ్బ తేలిక పడుతుంది, సున్నం మాత్రం రేపటిదాకా ఆగదు అంది. నేను అరిచాను. అందరి ముందూ, మిద్దె మీద, ఆస్పత్రి అంతా వినేలా అరిచాను. నీకు పని తెలుసు కానీ రోజులు తెలియవన్నాను.

అమ్మ పాట ఎత్తుకుంది. చెక్క దెబ్బకి పాట ఉంటుంది, ఒకరు అందుకుంటే మిగతావాళ్లు వంత పాడతారు. మాటలు అప్పటికప్పుడు కల్పించుకోవచ్చు. ఆమె కల్పించింది.

"సిమెంటు పూసినాడు సిన్నోడు, గోడకి సెమటలు పట్టించినాడు. ఇప్పుడు మిద్దెక్కి ఎగురుతన్నాడు, వరసలో సందు ఎవుడికి ఒగ్గేసినాడు?"

తొమ్మిదిమంది ఆడవాళ్లూ చెక్కలు ఆపకుండానే నవ్వారు. బర్మా తప్ప మాట్లాడని పిల్లలు కూడా వంత తప్పలేదు. నా ముఖం మండిపోయింది. అమ్మ పాట ఆపి, నెమ్మదిగా అంది.

"సందున్న కాడే కారుతాది రా."

ఖాళీ చోటుకి ఎదురుగా రెండు చెక్కలు పడి ఉన్నాయి. మగవాడు అది పట్టుకోడు. మా నాన్న పట్టుకోలేదు, ఆయన నాన్నా పట్టుకోలేదు. నేను లుంగీ ఎగ్గట్టి ఆ సందులో కూర్చున్నాను. పక్కనున్న ముసలమ్మ నన్ను చూసి జరిగి, చెక్క ఎలా పట్టుకోవాలో చూపించింది. మణికట్టు వదులుగా ఉండాలి, దెబ్బ చెక్క బరువుతోనే పడాలి. గంటకల్లా అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నానికి, కింద వాకిట్లో నా పనివాళ్లు మెడలెత్తి చూసి పళ్లికిలిస్తూంటే వాళ్లని కూడా పైకి రమ్మన్నాను. ఒకడు వచ్చాడు. ఇద్దరం కలిసి ఆ రెండు చోట్లూ నింపాం. ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను కానీ, సున్నం గట్టిపడుతున్నప్పుడు చేతికి ఎలా తెలుస్తుందో నాకు ఆ మూడు రోజుల్లోనే తెలిసింది. మా అమ్మ బతుకంతా ఎంత కష్టం చేసిందో కూడా అప్పుడే తెలిసింది. నాకు ఏడుపు వచ్చింది, ఎండకి కళ్లు మండుతున్నాయని చెప్పాను.

పండగకి ముందు రోజు సాయంత్రం అమ్మ కళ్లు మూసుకుని ఆ చివరనుంచి ఈ చివరకి విని, చాలంది. పండగ వెళ్లాక పైన పెంకు బిళ్లలు పరిచాం, తడిగోనెలు కప్పి ఉంచాం. ఇంజినీరు చెప్పిన రోజు వచ్చింది. తూములు మట్టితో మూశాం. పంపు వేద్దామంటే కరెంటు లేదు. దలా ఆడవాళ్లు మెట్ల మీద వరసగా నిలబడి బకెట్లు అందించారు. నాలుగు వేళ్ల లోతు నిండేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

కింద వార్డు ఖాళీ చేసి ఉంది. అమ్మ ఇంటినుంచి ముగ్గు సంచి తెప్పించింది. జల్లెడతో గచ్చంతా పలచగా ముగ్గుపొడి చల్లించింది. చుక్క పడితే పొడిలో గుంట పడుతుంది, ఎవరూ కాదనలేరు. ఇంజినీరుకి ఈ పద్ధతి నచ్చింది, ఫోటో కూడా తీసుకున్నాడు. గుమ్మానికి తాళం వేసి తాళంచెవి సయామాకి ఇచ్చాం. ఆ మూడు రోజులూ నేను తిన్నదేమిటో నాకు గుర్తులేదు.

మూడో రోజు తలుపు తీశారు. ఎత్తు కిటికీల్లోంచి వెలుతురు గచ్చు మీద పడుతోంది. పొడి పరిచినది పరిచినట్టే ఉంది. సగం దూరం వెళ్లిన ఇంజినీరు ఆగి, వంగాడు. గోడ పక్కన, పొడిలో ఒక గుంట. అణా బిళ్లంత.

నేను కూర్చున్న చోటుకి సరిగ్గా కిందేమోనని అనిపించింది. అమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, గుంటని చూసి, పైకి చూసి, నన్ను వంగి వేలితో తీయమంది. తీశాను. తడిగా లేదు. నల్లగా, కొసన తెల్లగా ఉంది. దూలం మీద బల్లి మమ్మల్నే చూస్తోంది.

"బల్లి మీద పడితే శాస్త్రం ఉంది," అంది అమ్మ. "రెట్టేస్తే ఏటీ నేదు. కడిగేస్తే పోద్ది."

బర్మా మాటల్లో చెప్పేసరికి సయామా నవ్వు ఆపుకోలేక మంచం పట్టె పట్టుకుంది. ఇంజినీరు నిచ్చెన తెప్పించుకుని ఎక్కి, ఇటుకల మీద అరచెయ్యి ఆనించి, దూలం దూలానికీ చివర్లు తడిమి చూశాడు. దిగి, చేతులు దులుపుకుని, పొడిగా ఉందన్నాడు. కూలగొట్టే కాగితం ఆయనే రెండుగా చింపాడు. దలా ఆడవాళ్లు గుమ్మంలోంచే ఈల వేశారు. ఆడవాళ్లు అంత గట్టిగా ఈల వేయగలరని నాకు తెలియదు.

ఆ వెంటనే ఇంకో కాగితం వచ్చింది. పని పూర్తయిందని, వార్డు తెరవచ్చని, కట్టినవాళ్లు సంతకం పెట్టాలని. ఆస్పత్రి గుమాస్తా కలం నా చేతికిచ్చాడు. నేను పెట్టలేదు. అమ్మ ముందు పెట్టమన్నాను. అరవై ఏళ్లకి పైగా ఎన్ని మిద్దెలు కొట్టినా ఏ కాగితంలోనూ ఆమె మేస్త్రి కింద చిల్లర పని చేసే చిత్తాళు తప్ప ఇంకేమీ కాలేదు. చాలాసార్లు అదీ కాదు, ఆడకూలీలు ఇంతమంది అని రాసిన అంకెలో ఒకటి. ఆ అంకెలు రాసినవాళ్లలో మా నాన్నా ఉన్నాడు, నేనూ ఉన్నాను.

అమ్మకి చదువు రాదు. గుమాస్తా సిరా పెట్టె తెరిచాడు. ఆమె బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. నల్లటి మచ్చ పడింది, గీతలేమీ లేవు. గుమాస్తా మళ్లీ వేయించాడు. మళ్లీ అదే మచ్చ. మూడోసారి తనే ఆమె వేలు పట్టుకుని అటూ ఇటూ దొర్లించాడు. ఏమీ పడలేదు. వేలిముద్ర కాకపోతే చెల్లదండీ అన్నాడు పాపం.

సయామా అమ్మ చెయ్యి అందుకుని కిటికీ వెలుగులోకి తిప్పింది. డాక్టరు చూసినట్టు ఒక్కో వేలూ చూసింది. పదింటిలోనూ గీత లేదు. సున్నం ఎప్పుడో తినేసింది. సయామా చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తరవాత కాగితం తన వైపు లాక్కుని, ఆ నల్ల మచ్చల పక్కన ఒక వాక్యం రాసి, కింద తన సంతకం పెట్టి గుమాస్తాకి ఇవ్వకుండా నాకిచ్చింది. అమ్మకి చదివి చెప్పమంది.

ఈ మిద్దె వేసిన మేస్త్రి ఈమె, అని ఉంది. తెలుగులో చెప్పాను.

అమ్మ ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"మేస్త్రనే రాసినాదేటి?"

"అవునమ్మా."

"మళ్లీ సదువు," అంది. "గట్టిగా సదువు. ఆ గుమ్మంలో ఉన్నోళ్లకి ఇనపడాల."

వార్డంతా మోగేలా చదివాను.